అమ్మ పెట్టని ఒత్తు

మొన్న చలి మొదలైన రోజుల్లో ఒక ఆదివారం పొద్దున మా తమ్ముడు ఇంటికి వచ్చాడు. అమ్మ చేసిచ్చిన టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, ఆ తర్వాత చాలా మర్యాదగా గ్యాస్ సిలిండర్ మీది రెగ్యులేటర్ ఊడబీకి, తన స్కూటర్ డిక్కీలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. దొంగతనం ఇంత పద్ధతిగా జరగడం నేనెప్పుడూ చూడలేదు. అమ్మ అప్పుడు పెరట్లో కరివేపాకు కోస్తోంది. లోపలికి వచ్చి, లైటరు నొక్కి, మళ్ళీ నొక్కి, సిలిండర్ వైపు వంగి చూసి, "ఒలే అమ్మీ, దీని మూతేటైపోనాదే?" అంది. తమ్ముడు పట్టుకెళ్ళాడని చెప్పి, అటక మీద నుంచి ఇండక్షన్ పొయ్యి దించాను. అమ్మ దాన్ని పొయ్యి అనదు, కరెంటు పలక అంటుంది. దాని మీద కాచిన చారు తాగనని ముఖం తిప్పుకుని వెళ్ళి వరండాలో కూర్చుంది.

మా తమ్ముడు చెడ్డవాడు కాదు. భిలాయి ఉక్కు ప్లాంటులో సేఫ్టీ విభాగంలో పనిచేసి చేసి, వాడికి లోకమంతా అంటుకోవడానికి సిద్ధంగా ఉన్నట్టు కనిపిస్తుంది, అంతే. దీపావళికి కాకరపువ్వొత్తి వెలిగించాలన్నా పక్కన బకెట్‌తో ఇసుక ఉండాలి. ఇటు అమ్మకేమో ఎనభై దాటి చాలాకాలమైంది. కిందటి నెల పాలు పొయ్యి మీద పెట్టి మరిచిపోయింది, గిన్నె మాడింది. గిన్నెలు నేను కూడా మాడుస్తాను. కాకపోతే నేను మాడిస్తే పరధ్యానం అంటారు, అమ్మ మాడిస్తే జబ్బంటారు. అయినా ఆ పాల సంగతి వాడు అప్పుడే నాలుగు మాటలని ఊరుకున్నాడు. ఇప్పుడు రెగ్యులేటర్ దాకా వచ్చింది పాల వల్ల కాదు, ఏనుగుల వల్ల.

కొంతకాలంగా అమ్మ మాటలన్నీ ఒక ఇంటి చుట్టూ తిరుగుతున్నాయి. కూర తరుగుతూనో, మధ్యాహ్నం నడుం వాల్చినప్పుడో ఉన్నట్టుండి మొదలుపెడుతుంది. "ఆ బాడా ఇంటి తలుపు మీద ఏనుగులుండేవి. పొద్దున్నే లేసి ఆటికి బొట్టెట్టేదాన్ని" అంటుంది. మేడ మీద ఆకుపచ్చ స్తంభాల గదిలో ఉండేవాళ్ళమంటుంది. కిటికీ తెరిస్తే ప్లాంటు చిమ్నీల మంట కనిపించేదంటుంది. తలపాగా పెద్దాయన ఒకాయన రోజూ సాయంత్రం నాన్నను పక్కన కూర్చోబెట్టుకుని పొలాల కబుర్లు అడిగేవాడంటుంది. వినడానికి బాగానే ఉంటుంది. చిక్కల్లా ఏమిటంటే, అదేదీ మా ఇంట జరగలేదు. ప్లాంటు క్వార్టరు రాకముందు మేమున్నది అద్దె ఇంట్లో, అదీ పశువుల కొట్టం పక్కన ఒంటి గదిలో. ఈ సంగతి నాకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. నేను అక్కడే పుట్టి, బడిలో వేసే వయసు దాకా అక్కడే పెరిగాను. లోపలికి పెద్దవాళ్ళయితే వంగి వెళ్ళాలి. పెంకుల సందులోంచి సన్నటి వెలుతురు చార ఒకటి నేల మీద పడేది. గోడకు ఒక ఇనుప కడియం ఉండేది, దాన్ని పట్టుకుని ఊగేదాన్ని. గడ్డి వాసన, పేడ వాసన. అంతకంటే తొలి జ్ఞాపకం నాకు లేదు. తర్వాత క్వార్టరులోకి మారి బళ్ళో చేరాక, 'మేరా ఘర్', మా ఇల్లు అని వ్యాసం రాయమంటే, పహలే హమ్ భాడే కే మకాన్ మే రహతే థే, మొదట అద్దె ఇంట్లో ఉండేవాళ్ళం అని రాశాను. టీచరుగారు దాన్ని పైకి చదివారు. పుట్టుకతోనే క్వార్టరూ, కుళాయీ, కరెంటు దీపమూ ఉన్న టౌన్‌షిప్ సెక్టరు పిల్లలంతా నా వైపు తిరిగి చూశారు. ఆ చూపు నాకు అరవై దాటినా గుర్తుంది.

ఇక్కడ అమ్మ హిందీ గురించి కొంచెం చెప్పాలి. మా నాన్న శ్రీకాకుళం పక్క పల్లె నుంచి ప్లాంటు ఇంకా కడుతున్న రోజుల్లో వచ్చి పట్టాలు చేసే రైల్ మిల్లులో కుదిరాడు. పెళ్ళయ్యాక అమ్మ వచ్చింది. వచ్చిన కొత్తల్లో ఇరుగుపొరుగుతో సైగలే. ఆ తర్వాత హిందీ నేర్చుకుంది గానీ, ఒత్తు అక్షరాల జోలికి పోకుండా నేర్చుకుంది. భిలాయి అమ్మకు బిలాయి, భయ్యా బయ్యా, భాభీ బాబీ. పుచ్చకాయలవాణ్ణి ఆపి "బయ్యా, మీటా హైనా?" అని, తియ్యగా ఉందా అని అడుగుతుంది. ఇక్కడే పుట్టి, ఇక్కడి బళ్ళలో హిందీ చదువుకున్న మేమిద్దరం చిన్నప్పటి నుంచీ అమ్మ నోట మాట రాగానే దానికో ఒత్తు తగిలించి అర్థం చేసుకోవడం అలవాటు చేసుకున్నాం. కానా అంటే ఖానా, తిండి. గోడా అంటే ఘోడా, గుర్రం. అలాగే బాడా ఇల్లంటే భాడా ఇల్లు. భాడా అంటే అద్దె. ఇందులో ఆలోచించాల్సిందేమీ లేదని మేము ఇన్నేళ్ళూ ఆలోచించలేదు.

తమ్ముడికి ఫోన్ చేసి ఇదేం పనిరా అని అడిగాను. "సోచో అక్కా" అన్నాడు. "భాడా ఇంట్లో హాథీ కహాఁ సే ఆయా? అద్దె ఇంటికి ఏనుగులెక్కడివి? పాలు మరిచిపోతే సరే, అందరం మరిచిపోతాం. లేని ఇల్లు ఉందంటోంది. రేపు గ్యాస్ తిప్పేసి, వెలిగించాననుకుని పడుకుంటే?" వాడు క్వార్టరుకు మారాక పుట్టినవాడు, పాత ఇల్లు చూసి ఎరగడు. ఆ ఇంటి గురించి వాడికి తెలిసిందంతా నేను చెప్పిందే. అంటే వాడు అమ్మ మీద చూపిస్తున్న సాక్ష్యం నాదే. ఫోన్ స్పీకర్లో ఉందని మరిచిపోయాను. వరండాలోంచి అమ్మ, "నానేటి కలగన్నానేటి? ఆ ఇల్లుంటే నా పొయ్యి నాకిస్తాడేటో అడుగు" అని కేకేసింది. ఉంటే నేనే వచ్చి బిగిస్తా, ప్రామిస్ అన్నాడు తమ్ముడు. "అయితే పద, సూపిస్తాను" అంది అమ్మ నాతో, ఎదురింటికి వెళ్ళొద్దామన్నంత తేలిగ్గా.

బయలుదేరడానికి మాత్రం రెండు రోజులు పట్టింది. అమ్మకు పొయ్యి అంటే వంట ఒక్కటే కాదు. మా ఇంట్లో పొద్దున దీపం కంటే ముందు వెలిగేది అది. నాన్న పోయిన మర్నాడు కూడా, చుట్టాలు వద్దంటున్నా వినకుండా, తనే లేచి అందరికీ టీ పెట్టింది. నేను పెళ్ళి చేసుకోలేదు. ఉద్యోగం, ఇల్లు, అమ్మ, ఇంతే నా సంసారం. అందులో అమ్మ చేతి టీ తాగకుండా నేను గుమ్మం దాటిన రోజు లేదు. రెగ్యులేటర్ పోయినప్పటి నుంచీ అమ్మ ఒళ్ళో చేతులు పెట్టుకుని వరండాలో కూర్చుంటోంది. తమ్ముడు భయపడుతున్న మతి తప్పిన ముసలావిడ అమ్మలోకి ఇంకా రాలేదు గానీ, ఇలాగే కూర్చోబెడితే వచ్చేస్తుందని నాకు భయం వేసింది. ఆ ఇల్లు లేదని నాకు తెలుసు. ఉండాలని కోరుకుంటున్నాను. అమ్మ మాట నిజమైతే నా జ్ఞాపకం అబద్ధమవుతుంది, నా జ్ఞాపకం నిజమైతే అమ్మ పొయ్యి పోతుంది. ఎటు మొక్కుకోవాలో తెలియక, ఊరికే దణ్ణం మాత్రం పెట్టుకున్నాను.

మేముండేది రిసాలిలో. అమ్మ చెప్పిన చోటు మరోదా వైపు, పాత ఊరు. మా ఇంటి నుంచి ఆటో ఎక్కితే బేరం ముగిసేలోగా వచ్చేస్తుంది. టౌన్‌షిప్‌లో ఉండేవాళ్ళకు ఇలాంటి పాత ఊళ్ళు ఉన్నాయని తెలుసు, లోపలికి వెళ్ళి చూసినవాళ్ళు తక్కువ. ప్లాంటు రాకముందు ఇక్కడంతా ఊళ్ళే. సెక్టర్లకు అంకెలు వేసుకుంటూ పోయినవాళ్ళు ఎక్కడో అంకె వేయకుండా వదిలేసిన ముక్కలు ఇవి. నేను ఉద్యోగం చేసినన్నాళ్ళూ బళ్ళో చరిత్ర చెప్పాను. పిల్లల్ని బస్సులెక్కించి దూరాభారం కోటలకూ గుళ్ళకూ తీసుకెళ్ళాను, విరిగిన స్తంభాల బొమ్మలు వేయించాను, మన పూర్వీకుల వైభవం అని ఉపన్యాసాలిచ్చాను. ఈ సందులోకి మాత్రం పాలవాడు రానిరోజు వాణ్ణి తిట్టడానికి తప్ప ఎప్పుడూ రాలేదు, వచ్చినా మొదటి మలుపులోనే తిట్టేసి తిరిగొచ్చాను.

ఆటో సందు మొగలో ఆగింది. చూడ్డానికి అన్ని సందులూ ఒకేలా ఉన్నాయి. మట్టిగోడల ఇళ్ళ మధ్య మూడంతస్తుల కొత్త భవనాలు, వాటి మీద నీలం నీళ్ళ ట్యాంకులు. అమ్మ కాసేపు అటూ ఇటూ చూసి, "ఇక్కడ సెరువుండేది గదా, ఏటైపోనాది?" అంది. పాన్ డబ్బా అతని దగ్గరికి వెళ్ళి, నా చక్కటి బడి హిందీలో, ఒత్తుకు ఒత్తు, అక్షరం కింది చుక్కకు చుక్క పెట్టి, ఇక్కడ చాలా పాత భాడే కా మకాన్ ఒకటుండేదట, ఎక్కడో చెబుతారా అని అడిగాను. పాతది దేనికి మేడమ్, కొత్తదే ఉంది అని అతను డబ్బా వదిలి మరీ మమ్మల్ని వెంటబెట్టుకుని వెళ్ళాడు. ఆ భవనం గేటుకు 'రూమ్ భాడే పర్ హై' అని అట్ట వేలాడుతోంది. ఇంటావిడ తాళాల గుత్తితో దిగి వచ్చి, మేము నోరు తెరిచేలోగా గది తెరిచి చూపించి, ఎంతమంది ఉంటారు, మాంసం వండుతారా, రాత్రి గేటు ఎన్నింటికి వేసుకోవాలో తెలుసా అని వరసగా అడిగింది. అందులో ఎంతమంది అన్నది ఒక్కటి అమ్మకు అర్థమై, "దో" అని రెండు వేళ్ళు చూపించింది. అక్కడితో ఆగకుండా స్నానాలగదిలోకి వెళ్ళి కుళాయి తిప్పి, నీళ్ళు సన్నంగా వస్తున్నాయని నాతో తెలుగులో ఫిర్యాదు చేసింది.

మేము గది కోసం రాలేదని ఇంటావిడకు నచ్చజెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. ఇంతకుముందు ఈ స్థలంలో పాత ఇల్లేమైనా ఉండేదా అని అడిగితే, ఖాళీ మైదానం, పక్కన చెరువు, పూడ్చేశారు అంది. మరి అమ్మ చెప్పిన చెరువు నిజమే. ఇల్లు లేదు. లేక ఉన్న ఇంటిని కూలగొట్టి మైదానం చేశారా? లేక చెరువొక చోటా, ఇల్లొక చోటా, రెండూ అమ్మ మనసులో పక్కపక్కకి చేరాయా? సందులోకి వచ్చి నిలబడ్డాను. తమ్ముడికి ఏం చెప్పాలో మాటలు కూర్చుకోవడం మొదలుపెట్టాను. ఇల్లు కూలగొట్టేశారట అని చెబుదామనుకున్నాను. అది అబద్ధం కూడా కాకపోవచ్చు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకుంటున్నాను.

ఇంతలో అమ్మకు విసుగొచ్చింది. పక్క అరుగు మీద మినప వడియాలు పెడుతున్న ఆవిడ దగ్గరికి నడిచివెళ్ళి, నడుం మీద చెయ్యి వేసుకుని, "ఏ దీదీ, బాడా కిదర్ హై?" అని అడిగింది. ఒత్తూ లేదు, గిత్తూ లేదు. ఆవిడ పిండి చేత్తోనే వెనక్కి చూపించింది. "బాడా? మాల్‌గుజార్ కా బాడా? అరే, యే పీఛే తో హై!"

బాడా అనే మాట నాకు తెలియనిది కాదు. మాల్‌గుజార్లంటే ఇంగ్లీషువాళ్ళ కాలంలో ఈ ఊళ్ళ మీద శిస్తు వసూలు చేసిన దొరలు, వాళ్ళ ఇల్లు బాడా. చుట్టూ ప్రహరీ, లోపల నాలుగు వైపులా గదులూ కొట్టాలూ, మధ్యన వాకిలీ ఉన్న పెద్ద లోగిలి. తరగతిలో కనీసం ఏడాదికొకసారి ఆ మాట బోర్డు మీద రాసేదాన్ని. రాసి, ఇంటికొచ్చి, అమ్మ అదే మాట అంటే దానికి ఒత్తు తగిలించి అద్దె చేసేదాన్ని. అమ్మ ఇన్నేళ్ళూ సరిగ్గానే పలికింది. పలకలేదనుకున్నది మేము.

భవనాల వెనక, ఒక సిమెంటు గోదాముకూ సెల్ టవర్‌కూ మధ్య, ఆ గోడ ఉంది. ఇంతెత్తు మట్టిగోడ, సున్నం పెచ్చులు పెచ్చులుగా రాలిపోయి లోపలి మట్టి ఇటుక కనిపిస్తోంది. పైన రావి మొక్కలు మొలిచాయి. బయట ఒక బోర్డు లేదు, పేరు లేదు. గేటు పక్కన ఎవరో మోటార్ సైకిళ్ళు నిలుపుకుంటున్నారు. తలుపు మాత్రం నాకు రెండింతల ఎత్తుంది. ఎడమ రెక్క మీద, చెక్కలో చెక్కిన ఏనుగు, తొండం పైకెత్తి ఉంది. కుడి రెక్క లేదు. దాని చోట రేకు బిగించారు. అమ్మ దగ్గరికి వెళ్ళి ఆ ఏనుగు నుదురు బొటనవేలితో రుద్దింది. "రెండోది ఏదే?" అంది, ఎవరో పెళ్ళికి వచ్చి కూతుర్ని తీసుకురానట్టు. నాకు ఏడుపు వచ్చింది. సంతోషమో, సిగ్గో, సగం తలుపు చూసిన దిగులో ఇప్పటికీ చెప్పలేను. ఫోన్ తీసి ఫోటో తీస్తే ఏనుగు మసకగా వచ్చింది, మళ్ళీ తీశాను.

లోపల తులసికోట దగ్గర నవారు మంచం మీద ఒక ముసలావిడ ఎండ కాగుతోంది. ఆ ఇంటి పెద్ద కోడలట. పిల్లలు తలో ఊళ్ళో స్థిరపడ్డారట, ఆవిడకు ఈ వాకిట్లో ఎండ తప్ప ఇంకే ఊరి ఎండా పడదట. అమ్మ ఆవిడ ముందు నిలబడింది. ఆవిడ కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని, అమ్మను పైనుంచి కిందికి చూసి, "ఊపర్‌వాలీ?" అంది. హిందీలో ఊపర్‌వాలా అంటే దేవుడు. నేను ఒక్క క్షణం బెదిరాను. అమ్మ మాత్రం నవ్వుతూ మేడ వైపు వేలు చూపించి, "హాఁ, ఊపర్‌వాలీ" అంది. మేడ మీది ఆవిడ అని అర్థం. ఇద్దరూ కొత్త కోడళ్ళుగా ఒకే ఏడు ఈ గుమ్మం దాటి వచ్చారట, ఒకావిడ ఇంటికి, ఒకావిడ మేడకి. పెద్ద కోడలు అమ్మ చెయ్యి పట్టుకుని మంచం మీద కూలేసి, చారులో చింతపండు ఇంకా అంతంత పోస్తావా అని అడిగింది.

అక్కడి నుంచి అమ్మ చెప్పినవన్నీ ఒక్కొక్కటిగా నా ముందు నిలబడ్డాయి. తలపాగా పెద్దాయన ఆవిడ మామగారు. ఆయన పొలాలు చాలావరకు ప్లాంటు కిందికి పోయాయి. అద్దెకిచ్చే అలవాటు ఆ ఇంట్లో లేకపోయినా, ఒక ప్లాంటు మనిషిని మేడ మీద ఉంచుకున్నాడట. ఎందుకంటే, తన పొలాల్లో ఏం లేస్తోందో రోజూ వచ్చి చెప్పేవాడు ఒకడు కావాలి. సాయంత్రం నాన్న పక్కన కూర్చుని వచ్చీరాని హిందీలో, ఇవాళ మీ ఇప్పచెట్టు పొలంలో చిమ్నీ ఇంత లేచింది, మీ గట్టు పొలం మీదుగా రైలు పట్టా వేశారు అని చెప్పేవాడట. ఆయన కళ్ళు మూసుకుని వినేవాడట. అంతా విని, ఆ గట్టు పొలంలో వడ్లు బాగా పండేవి అని మాత్రం అనేవాడట. కుడి తలుపు సంగతి అడిగితే, ఒక వానాకాలం చెద తినేసిందంది ఆవిడ. "నాను సెప్పనేదా" అంది అమ్మ నా వైపు చూసి. రెండు ఏనుగులుండేవన్నదానికి అన్నమాట.

మేడ మెట్లు పాడైపోయాయి, పెద్దవాళ్ళు ఎక్కకూడదన్నారు. నన్ను పెద్దదానిగా లెక్కవేయలేదు కాబట్టి నేనొక్కదాన్నీ గోడ పట్టుకుని ఎక్కాను. నిజంగానే ఆకుపచ్చ స్తంభాలు. నిజంగానే కిటికీ, అందులోంచి దూరంగా చిమ్నీలూ, వాటి పైన మంటా. గచ్చు నేల, గోడలో దీపపు గూళ్ళు. ఆ గదిలోనే నేను పుట్టానట, పాకానట, నడిచానట. మధ్యలో నిలబడి ఎదురుచూశాను. ఏమీ గుర్తుకు రాలేదు. ఒక్క గోడైనా నన్ను పలకరించలేదు. ఇంకెవరి ఇంటికో చుట్టపుచూపుగా వచ్చినట్టు, చేతులు కట్టుకుని చూసి, దిగి వచ్చేశాను.

దిగుతుంటే మెట్ల కింద, పశువుల కొట్టం పక్కన, చిన్న తలుపు కనిపించింది. వంగి లోపలికి వెళ్ళాను. పెంకుల సందులోంచి వెలుతురు చార నేల మీద పడుతోంది. గోడకు ఇనుప కడియం. నా చెయ్యి దానికదే అటు వెళ్ళింది. నా తల దగ్గర ఉండేదనుకున్న కడియం ఇప్పుడు నడుం దగ్గరుంది. గడ్డి వాసన ముక్కుకు తగలగానే ఒళ్ళంతా తెలిసిపోయింది. బయటికి వచ్చి, ఇదే మా ఇల్లు, మేమున్నది ఇక్కడే అని గట్టిగా అన్నాను. ఇద్దరు ముసలివాళ్ళూ ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకుని నవ్వడం మొదలుపెట్టారు. అది భూసా కొట్టు, గడ్డి వేసుకునేది, అందులో ఏ మనిషీ ఉండలేదు, నువ్వొక్కదానివి తప్ప అంది పెద్ద కోడలు. పొద్దున మేడ దిగితే సాయంత్రం దాకా అందులోనే ఉండేదాన్నట. అమ్మ నవ్వు ఆపుకుని చెప్పింది. "మీ నాన నైటు డూటీ సేసొచ్చి పగలు పడుకునేవోడు గదే. నువ్వేమో ఊరుకుండే గుంటవా? సప్పుడు సేయకు, కిందకెల్లి ఆడుకోమని అంపేసేదాన్ని."

అంటే నేను పగలు బతికిన చోటే నాకు ఇల్లయింది. రాత్రి నిద్రపోయిన చోటు జ్ఞాపకంలోంచి పోయింది. ఏనుగుల తలుపున్న ఇంట్లో మేడ మీద పుట్టి, గడ్డి కొట్టును ఇల్లని జ్ఞాపకం పెట్టుకుని, దానికి అద్దె అని పేరు పెట్టి, బళ్ళో వ్యాసం రాసి, తలదించుకుని, దాన్నే తమ్ముడికి చరిత్రగా చెప్పాను. ఎవరి మతి ఎలా ఉందో చూద్దామని బయలుదేరింది అమ్మ కోసం. తేలింది నా సంగతి.

వస్తుంటే పెద్ద కోడలు పెరటి నిమ్మకాయలు అమ్మ కొంగులో పోసింది. ఆటోలో అమ్మ ఒక కాయ చేతిలో తిప్పుతూ హాయిగా కూర్చుంది. నేను ఫోటోలు తమ్ముడికి పంపుతున్నాను. గెలిచిన ఉత్సాహంలో ఏనుగు బొమ్మ కింద ఏం రాయాలా అని ఆలోచిస్తున్నాను. అప్పుడు అమ్మ, "తొరగా పోనీమనే. మీ నాన లేసే టైమైపోనాది, టీ ఎట్టాల" అంది.

ఫోన్ పక్కన పెట్టి అమ్మ ముఖం చూశాను. మామూలుగానే ఉంది. "ఏమన్నావమ్మా?" అని అడిగాను. "ఏటి?" అంది. "నాన్న లేస్తాడన్నావు." అమ్మ నిమ్మకాయ తిప్పడం ఆపింది. "అన్నానేటి?" అని, రోడ్డు వైపు చూస్తూ కూర్చుంది. నిజంగానే మతి తప్పిందో, ఆ ఇంటి గాలి ఇంకా ఒంటి మీద ఉండి పాత అలవాటు నోటికొచ్చిందో నాకు తెలియలేదు. కాసేపటి కిందట గడ్డి కొట్టు ముందు నిలబడి ఇదే మా ఇల్లు అని అరిచింది నేనే కదా. దాన్ని జబ్బు అనలేదు ఎవరూ.

తమ్ముడు ఆ సాయంత్రమే వచ్చాడు. ఫోటో పెద్దది చేసి ఏనుగును చెవి నుంచి తోక దాకా చూశాడు. "సచ్ మే హాథీ హై యార్, నిజంగా ఏనుగే" అన్నాడు, వాడికి తెలియకుండానే గొంతు తగ్గించి. తర్వాత డిక్కీలోంచి రెగ్యులేటర్ తెచ్చి బిగించి, సబ్బునీళ్ళు రాసి బుడగలు వస్తాయేమోనని చాలాసేపు చూశాడు. అమ్మ పక్కనే నిలబడి, తన పని తనకు అప్పజెప్పేదాకా కదలనట్టు చూస్తోంది. ఆటోలో మాట వాడికి చెప్పాలనుకున్నాను. నోటిదాకా వచ్చింది. చెబితే ఆ మూత మళ్ళీ డిక్కీలోకి వెళ్తుంది. చెప్పకపోతే ఏం జరుగుతుందో నాకు తెలియదు. నేను చెప్పలేదు. చెప్పకపోవడం మంచిదో కాదో ఈ రోజుకీ తేల్చుకోలేదు. మాకు ముగ్గురికీ అమ్మ టీ పోసింది, చాలా బాగుంది, అది మాత్రం రాసిపెట్టగలను.

అప్పటి నుంచీ అమ్మ పొయ్యి వెలిగించినప్పుడల్లా నేను వంటింటి గుమ్మంలో పీట వేసుకుని కూర్చుంటున్నాను. పుస్తకమో, చిక్కుడుకాయలో చేతిలో పెట్టుకుంటాను, కంటి చివరతో మంట చూస్తుంటాను. నిన్న అమ్మ వెనక్కి తిరిగి, "అలగ కాపలా కూకున్నావేటే?" అంది. ఊరికేనమ్మా అన్నాను. "ఊరికే అయితే సప్పుడు సేయకు" అని మళ్ళీ పొయ్యి వైపు తిరిగింది. మాట్లాడకుండా మోకాళ్ళు ముడుచుకున్నాను. కాలం ఒక గీతలా ముందుకే నడుస్తుందని ఉద్యోగమున్నన్నాళ్ళూ బోర్డు మీద గీసి పిల్లలకు చెప్పాను. ఆ గుమ్మంలో కూర్చుంటే మాత్రం, ఆ గీతకు ఏ చివరన ఉన్నానో నాకు తెలియడం లేదు.